మీ ప్రశ్నలు – మా జవాబులు: వీరగల్లు, సున్నం, టార్చిలైటు

ప్రశ్న: చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలో రాతి శిల్పాలు చూసి వచ్చాక మా ఊరి చెరువుకట్ట మీది వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) గుర్తొచ్చింది. విల్లు పట్టిన మనిషి, పక్కన ఆవులు, పైన ఏవో అక్షరాలు. సగం దాకా సున్నం పూసేశారు. యాసిడ్ పోసి ఇనుప బ్రష్‌తో రుద్దవచ్చా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: వద్దండి. యాసిడ్‌కు సున్నం కరుగుతుంది, నిజమే. కానీ అది రాతి సందుల్లోకి దిగితే రాతిలో ఉండే నల్లమైకా అనే ఖనిజంలోని ఇనుము తుప్పుమరకలై పైకి తేలుతుంది. ఇనుప బ్రష్ గీతలు పెట్టడమే కాదు, దాని రజను కూడా రాతిలో ఇరుక్కుని తుప్పు పడుతుంది. సబ్బుపొడీ వద్దు, అందులోని లవణాలు రాతిలో మిగిలిపోతాయి.

మంచినీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్ చాలు. ముందు రాయిని కింది నుంచి పైకి తడపండి. పైనుంచి మొదలుపెడితే మురికినీళ్లు పొడిరాతి మీద చారలు కడతాయి. పెచ్చులుగా లేచిన సున్నాన్ని వెదురుపుల్లతో తీయండి, గట్టిగా పట్టినదాన్ని వదిలేయండి. రాయే పొరలుగా లేస్తుంటే నీళ్లు కూడా తగలనివ్వకండి. పూజలందుకునే రాయైతే ముందు ఊరివాళ్లతో మాట్లాడాలి, అది చెప్పక్కర్లేదు.

ఆవులున్నాయంటే బహుశా మందను కాపాడుతూ పడిపోయిన వీరుడే. మూడు అంతస్తుల వీరగల్లయితే కింది నుంచి చదవాలి: అడుగున పోరు, నడుమ వీరుణ్ణి తీసుకెళ్లే అప్సరసలు, పైన శివలింగం ముందు అతను. చివర సూర్యచంద్రులుంటే ఆ కీర్తి ఆచంద్రార్కమని. చాలా వాటికి ఒకే అంతస్తు ఉంటుంది, అది లోపమేమీ కాదు.

అక్షరాల కోసం చీకటి పడ్డాక వెళ్లండి. టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోండి. ఎడమ, కుడి, పైన, మూడువైపుల నుంచీ ఫొటోలు తీయండి, ఒక వెలుగులో మాయమైన గీత మరోదానిలో దొరుకుతుంది. మన సరిహద్దు సీమలో లిపి తెలుగు, కన్నడ, తమిళాల్లో ఏదైనా కావచ్చు. మొదట్లో ‘స్వస్తి శ్రీ’ అనే మంగళవాక్యం కోసం వెతకండి. అక్షరాలు తేలాలని సుద్ద, పిండి రుద్దకండి. మీరు గీసిన గీతే అక్షరమని తర్వాతివాళ్లు చదువుతారు. తడికాగితం అద్ది, సిరాతో అచ్చు తీసే పని శాసన నిపుణులకు వదలండి. కాగితం మరీ తడిగా ఉంటే సిరా పాకి రాయీ పాడవుతుంది. భారత పురావస్తు సర్వే శాసన విభాగం మైసూరులో ఉంది, ఫొటోలు అక్కడికి పంపవచ్చు.

ప్రశ్న: మ్యూజియంలో తీసిన ఫొటోల్లో శిల్పాలు చదునుగా వస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఎదుటి నుంచి పడే ఫ్లాష్ వల్ల. ఉబ్బెత్తు చెక్కడానికి నీడే ప్రాణం. ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేచోట నిలబడండి. ఫొటోలకు అనుమతి ఉందో లేదో మాత్రం ముందే అడగండి.