చూసి చేస్తే కాపీ అయిపోతుందా?

1958 నాటి జర్మన్ కంపెనీ బ్రౌన్ టీ3 రేడియో పోలికలు ఆపిల్ 2001లో తెచ్చిన పాటల పరికరం ఐపాడ్‌లో కనిపిస్తాయి కదా, మార్కెట్లో ఆడుతున్న సరుకును చూసి మేం చేస్తే తప్పేంటని మీరు రాసి అడిగారు. పోలిక నిజమే, రెండింటి ముందువైపూ గుండ్రటి బిళ్ల ఉంటుంది. కానీ రేడియోలో ఆ గుండ్రటి బిళ్ల స్టేషన్ పట్టడానికి. ఐపాడ్‌లో వెయ్యి పాటల జాబితాను బొటనవేలితో తిప్పుకుంటూ పోవడానికి. రూపం కలిసినా పని వేరు.

నేను జీడిమెట్లలో ఓ ప్లాస్టిక్ యూనిట్‌లో డిజైన్ పని చూసేవాణ్ని. ఓ రోజు మా సేఠ్ ఫారిన్ లంచ్ బాక్స్ తెచ్చి బల్ల మీద పెట్టి, "సేమ్ టు సేమ్ దించెయ్" అన్నారు. వెర్నియర్‌తో కొలతలన్నీ తీశాం. మూతకు క్లిప్పు అతుక్కునే మడత దగ్గర ప్లాస్టిక్ కాగితంలా, 0.3 మి.మీ. మాత్రమే ఉంది. ఇదేం ఆగుతుందని మా తెలివి వాడి 0.8 చేశాం. రెండు నెలలు తిరక్కుండానే విరిగిన క్లిప్పులతో డబ్బాలు సంచుల్లో వెనక్కొచ్చాయి. ఆ డబ్బా చేసిన ప్లాస్టిక్, పాలీప్రొపిలీన్, అంత పల్చగా ఉంటేనే వేలసార్లు మడిచినా ఆగుతుంది. మందమైతే మడిచినప్పుడు పైపొర మీద లాగుడు ఎక్కువై చిట్లుతుంది. కనీసం కాపీ అయినా సరిగ్గా కొట్టి ఉంటే బతికిపోయేవాళ్లం!

మడత సరిచేశాక మా వదినకు ఓ డబ్బా ఇచ్చాను. వేడన్నం పెట్టి మూతేస్తే మధ్యాహ్నానికి ఊడి రావట్లేదని, చెంచా కాడతో పెకలిస్తున్నానని ఫోన్ చేసింది. ఆవిరి చల్లారి మూతను లోపలికి లాగేస్తోందన్నమాట. రంధ్రం చేసి సిలికాన్ బిరడా పెట్టాం. అదీ కొత్తదేం కాదు, మైక్రోవేవ్ డబ్బాలకు ఎప్పట్నుంచో ఉంది. మేం చేసిందల్లా బిరడాకు చిన్న చెవి పెట్టడం. కుడిచెయ్యి ఎంగిలైనా ఎడమచేతి వేలితో లేపేయొచ్చు.

కొన్ని నెలలకే బేగంబజార్‌లో మా డబ్బాకు కవల కనిపించింది. చెవితో సహా బిరడా ఉంది. దాని కింద మూతకు రంధ్రం లేదు! కేసు వేద్దామంటే మేం రిజిస్ట్రేషనే చేయించలేదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద సరుకు బయటపెట్టక ముందే దరఖాస్తు చేయాలి. చేస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ. అదీ రూపానికే, పనితీరుకైతే పేటెంట్ చూసుకోవాలి.

మీరు చేయబోయేది ఏంటో రాయలేదు. ఏదైనా సరే, అసలు సరుకు రెండు కొనండి. ఒకటి ఇంట్లో వాడించండి, రెండోది రంపంతో నిలువునా కోయండి. కానీ డైకి, అంటే అచ్చుకి, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ డిజైన్ మన దేశంలో రిజిస్టరై ఉందేమో వెతికించండి.