కలం తిరగబడితే

తిరుపతి

నాయనా,

నీ క్రాస్‌వర్డ్ గడి అందింది. దశ మారడం మీదే మొత్తం గడి కట్టావు, సంతోషం. రెండు రాత్రులు పెన్సిలు పట్టుకుని కూచున్నాను. ఒక్కచోట మాత్రం మనసు చివుక్కుమంది. అడ్డం 4లో 'కాలం తిరగబడితే రావణుడి ఊరు' అని ఆధారమిచ్చి, జవాబు లంక అన్నావు. కాలాన్ని వెనక్కి చదువు. లం, కా. లంకా అవుతుంది. ఆ దీర్ఘం ఏమైపోయింది?

నింపేవాడు నీ మాట నమ్మి, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అక్షరాలు తిప్పుతుంటాడు. అతనికి నువ్వు ఒక దీర్ఘం బాకీ పడ్డావు. కొత్తలో నేనూ ఇదే తప్పు చేశాను. ఒక వారపత్రికలో నా గడి వచ్చాక చిత్తూరు నుంచి ఓ పెద్దాయన కార్డు రాశారు. నేను ఎగరగొట్టిన గుడిదీర్ఘాన్ని ఏ గడిలో పెట్టుకోవాలని అడిగారు. ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులోనే ఉంది.

కాలం తీసేసి కలం పెట్టి చూడు. 'కలం తిరగబడితే తగలబడిన బంగారు పట్నం (2).' బ్రాకెట్లో అంకె జవాబుకు పట్టే గళ్ల లెక్క. లం, క. ఎక్కడా అరువు లేదు. లంక సిరి బూడిదైన కథ కూడా ఆధారంలోకే వచ్చేసింది.

ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో వేసిన మొదటి గడి వజ్రం ఆకారంలో ఉండేది. వాళ్ల ఒక్కో గడిలో పట్టేది ఒక్క ఇంగ్లీషు అక్షరమే. మన ఒక్కో గడిలో గుణింతం, ఒత్తు అన్నీ కలిసి కాపురముంటాయి. తిరగేసినా విడిపోవు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్లనుడికట్లు కట్టింది ఈ అక్షరాలతోనే.

'ఓడలు ___ అవుతాయి' అని ఖాళీ వదిలావే, అది తీసెయ్. బళ్లు అని ఒకరు, బండ్లు అని ఒకరు రాస్తారు. రెండూ రెండు గళ్లే.

తలరాతకు 'బ్రహ్మ రాసేది' అన్నావు. అది అర్థం చెప్పడమే, ఆట లేదు. నేనైతే ఇలా రాస్తాను: 'తరాల తగవులో వెనక్కి కనబడే బ్రహ్మలిపి (4).' తరాలత అన్న నాలుగక్షరాలనూ వెనకనుంచి చదువు. భూమి తగాదాల్లో ఇళ్లు చితికిపోవడం మన పల్లెల్లో చూసినవాళ్లకు పై అర్థం కూడా గుచ్చుకుంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. పై అర్థమూ నిలబడాలి, లోపలి లెక్కా తేలాలి.

మనవైపు మనుషుల దశ ఎక్కడ మారుతుందో గడిలోకి తీసుకురా. ఇవాళ పెట్టెలు లెక్కపెట్టుకుని నవ్విన రైతే ఇంకో పంటకు కాయలు రోడ్డుమీద పారబోసి పోతాడు. 'ఎటు చదివినా ఒకటే, ధరే తారుమారు. మదనపల్లె మార్కెట్టు సరుకు (3).' టమాట. ఎటు చదివినా ఒకటే అన్నాం గనక చివర దీర్ఘం రాదు. కానీ మనవైపు టమోటా అనేవాళ్లే ఎక్కువ. మధ్య గడిలో మా వేయాలా, మో వేయాలా అని నింపేవాడు తడుముకోకూడదు. ఆ గడి నుంచి నిలువుగా ఒక పదం దించు. మామిడి సరిపోతుంది. దాని ధర సంగతి మీ నాన్నను అడిగి ఆధారం నువ్వే రాసి పంపు.