బడి ఇంగ్లీష్ మీడియం అయితే పిల్ల ఆలోచన మారుతుందా? ఒక లెక్కల సారు జవాబు

మీరు అడిగింది ఇది: అమ్మాయి సర్కారు బడిలో ఏడో తరగతి. చిన్న తరగతుల్లో ఉండగా బడి ఇంగ్లీష్ మీడియం అయింది, అప్పటి నుంచి లెక్కల్లో వెనకబడింది. ట్యూషన్ సారేమో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, ఇంగ్లీషులోనే ఆలోచించడం అలవాటు చేయండి అంటున్నారు. ఇది పనిచేస్తుందా, భాష మారితే ఆలోచన మారుతుందా, అసలు ఈ ఇంగ్లీషు మన నెత్తికి ఎలా ఎక్కింది అని మీ సందేహం.

నేను నల్లగొండ జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చాలా ఏళ్లు తెలుగు మీడియంలో చెప్పాను, 2022లో మన రాష్ట్రంలో సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీష్ మీడియం చేయడం మొదలుపెట్టాక అవే పాఠాలు ఇంగ్లీషులో చెబుతున్నాను. ఒకే లెక్కను రెండు భాషల్లో పిల్లల ముందు పెట్టి చూసే అవకాశం దొరికింది కాబట్టి చెబుతున్నాను: భాష మారినంత మాత్రాన తెలివి పెరగదు, తగ్గదు. కానీ దేన్ని ముందు గమనిస్తాం, దేన్ని తర్వాత గమనిస్తాం అన్నది మారుతుంది. లెక్కల్లో అది చిన్న విషయం కాదు.

భిన్నాలే చూడండి. మూడు బై నాలుగును తెలుగులో నాలుగింట మూడు వంతులు అంటాం. నాలుగు ముందొస్తుంది, మూడు తర్వాత. ముందు రొట్టెను నాలుగు ముక్కలు చెయ్యి, అందులో మూడు తీసుకో అని చేతికి పని చెప్పినట్టే ఉంటుంది. ఇంగ్లీషులో త్రీ ఫోర్త్స్. తీసుకున్నది ముందు, ఎన్ని ముక్కలు చేశామన్నది తర్వాత. భిన్నం కొత్తగా నేర్చుకునే పిల్లలకు నేను ఇప్పటికీ ఇంగ్లీష్ మీడియం క్లాసులోనే నాలుగింట మూడు అని చెప్పి, రొట్టె బొమ్మ గీసి, ఆ తర్వాతే త్రీ ఫోర్త్స్‌కు వస్తాను. అట్లా చెబితే తొందరగా పట్టుకుంటారు.

బీజగణితంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 'ఫైవ్ లెస్ దేన్ ఎక్స్' అని ఇస్తే సగం క్లాసు 5 మైనస్ ఎక్స్ అని రాస్తుంది. చదివిన వరసలోనే రాశారు పాపం, కానీ సరైన జవాబు ఎక్స్ మైనస్ 5. అదే 'ఎక్స్ కంటే 5 తక్కువ' అని తెలుగులో ఇస్తే మాటల వరస, గుర్తుల వరస ఒకటే అవుతాయి, తప్పు రాయడమే కష్టం. ఇది మన పిల్లలకు ఇంగ్లీషు రాక వచ్చిన తిప్పలు అనుకోకండి. ఇంగ్లీషే పుట్టుభాష అయిన పిల్లలూ సరిగ్గా ఇక్కడే తడబడతారు. అక్కడి లెక్కల టీచర్లకు ఇది పాత తలనొప్పి.

ప్రశ్న అడిగే తీరు కూడా తిరగబడుతుంది. ఇంగ్లీషులో మొదటి మాటే 'ఫైండ్'. ఏం ఇచ్చారో తెలియకముందే ఏం కావాలో చెప్పేస్తారు. తెలుగులో ఇచ్చిందంతా చెప్పి, చివర 'ఎంత?' అంటాం. ఇంగ్లీషు లెక్క చేతికి రాగానే, వాక్యం పూర్తిగా చదవకుండానే "ప్లస్సా మైనస్సా సార్?" అని అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. దీనికి ట్యూషన్లు ఒక చిట్కా కనిపెట్టాయి: 'ఆల్‌టుగెదర్' (అంతా కలిపి) ఉంటే కలుపు, 'లెఫ్ట్' (మిగిలింది) ఉంటే తీసెయ్. రోడ్డుకు లెఫ్ట్ సైడున పన్నెండు చెట్లు, రైట్ సైడున పదిహేను, మొత్తం ఎన్ని అని అడిగితే ఒక పిలగాడు మూడు అని రాశాడు. చిట్కా ప్రకారం వాడిది కరెక్టే.

అట్లా అని తెలుగు మీడియం స్వర్గం అని నేను అనను. పాఠ్యపుస్తకాల తెలుగు ఎవరింట్లో మాట్లాడతారు? 'కనుగొనుము', 'యొక్క కర్ణము' అన్నది మా దేవరకొండ పిల్లలకు సగం పరాయి భాషే. పైగా భిన్నంగా రాయగలిగే సంఖ్యల్ని ఇంగ్లీషులో రేషనల్ నంబర్స్ అంటే, తెలుగు పుస్తకంలో వాటి పేరు అకరణీయ సంఖ్యలు. అట్లా రాయలేనివి ఇర్రేషనల్, తెలుగులో కరణీయ సంఖ్యలు. అక్కడ 'ఇర్' తగిలించేది ఒక రకానికి, ఇక్కడ 'అ' తగిలించేది ఇంకో రకానికి. మధ్యలో మీడియం మారిన పిల్లకు తల తిరగక ఏమవుతుంది? ఇక మా వైపు తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంటి భాష లంబాడీ. వాళ్లకు తెలుగు మీడియం ఎప్పుడూ మాతృభాషా మీడియం కాదు. ఈ సంగతి మీడియం గురించి పేపర్లో వాదించుకునే పెద్దలకు గుర్తుండదు.

ఇప్పుడు 'ఇంగ్లీషులో ఆలోచించు' అన్న సలహా. మా తాత నిజాం కాలంలో దేవరకొండలో ఉర్దూలో చదువుకున్నాడు. కూడిక ఆయనకు జమ, తీసివేత తఫ్రీక్, గుణకారం జర్బ్, భాగహారం తఖ్సీమ్. ముసలితనంలో కూడా వడ్డీ లెక్క పెదాల మీద ఉర్దూలోనే గొణుక్కునేవాడు, జవాబు మాత్రం తెలుగులో చెప్పేవాడు. నేను ఎక్కాలు తెలుగులో నేర్చుకున్నాను. ఈరోజు ఇంగ్లీషులో పాఠం చెబుతూ కూడా ఏడు ఎనిమిదులు యాభై ఆరు అని లోపల అనుకున్నాకే నోటితో ఫిఫ్టీ సిక్స్ అంటాను. ఇది మా ఇంటి జబ్బేం కాదు. రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లకు ఎలిజబెత్ స్పెల్కీ, సన్నా త్సివ్కిన్ అనే పరిశోధకులు కొత్త లెక్కలు నేర్పి పరీక్షించారు, ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. కచ్చితమైన జవాబు కావాల్సిన లెక్కల్ని ఏ భాషలో నేర్పారో ఆ భాషలో అడిగితేనే వాళ్లు తొందరగా చెప్పారు. సుమారుగా అంచనా వేసే లెక్కల్లో మాత్రం భాషతో తేడా రాలేదు. అంటే ఎక్కం భాషతో పాటు లోపల కూర్చుంటుంది, ఎక్కువ తక్కువల అంచనాకు భాష అవసరం అంతగా లేదు.

కాబట్టి మీ అమ్మాయికి ఎక్కాలు తెలుగులో వచ్చి ఉంటే వాటిని కదిలించకండి. వచ్చినవాటిని ఇంగ్లీషులోకి మార్చమని బలవంతపెడితే రెండు భాషల్లోనూ నెమ్మదిస్తుంది.

భాష నిజంగా అలవాటును మార్చేది దిక్కుల దగ్గర అని నాకు అనిపిస్తుంది. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇంట్లో కూర్చుని కూడా "జర ఉత్తరం దిక్కు జరుగు" అంటారు. పొలానికి తూర్పు గెట్టు, పడమటి గెట్టు. భూమి కాగితాల్లో హద్దులు రాసేదీ దిక్కులతోనే. నా క్లాసులో పిల్లల్ని ఉత్తరం ఎటు అని అడిగితే సగంమంది బోర్డు వైపు చూపిస్తారు, మ్యాపులో పైన ఉంటుంది కదా. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో గూగు యిమిథిర్ అనే భాష ఉంది. ఎడమ, కుడి అనాల్సిన చోటల్లా వాళ్లు దిక్కులే చెబుతారు. జాన్ హావిలాండ్, స్టీఫెన్ లెవిన్సన్ అనే పరిశోధకులు వాళ్ల మధ్య పనిచేసి, ఆ మాట తీరు వల్ల వాళ్లు ఎక్కడున్నా దిక్కులు తప్పరని రాశారు. కంగారూ అన్న పేరు ఇంగ్లీషుకు దొరికింది ఈ భాష నుంచే, 1770లో కెప్టెన్ కుక్ ఓడ అక్కడ ఆగినప్పుడు. జంతువు పేరు పట్టుకుపోయారు, దిక్కుల అలవాటు మాత్రం అక్కడే వదిలేశారు. అయితే మన పిల్లలు దిక్కులు మరవడాన్ని పూర్తిగా ఇంగ్లీషు మీద తోయడం అన్యాయం. గెట్టు మీద నడవని పిల్లకు తూర్పు గెట్టుతో పనేముంది?

ఇంగ్లీషు ఎట్లా వచ్చిందంటారా? ఒకప్పుడు ఇంగ్లండులోనే అది పండితుల భాష కాదు. సమానం గుర్తును 1557లో మొదటిసారి అచ్చులో వాడినవాడు రాబర్ట్ రికార్డ్. వేల్స్‌వాడు. లాటిన్ రాని మామూలు జనం కోసం లెక్కల పుస్తకాలు ఇంగ్లీషులో రాశాడు. అది అప్పటి ప్రాంతీయ మీడియం అన్నమాట. ఆయన తర్వాత వందేళ్లకు పైగా గడిచినా, 1687లో న్యూటన్ గురుత్వాకర్షణ గ్రంథాన్ని లాటిన్‌లోనే అచ్చువేశాడు. కాంతి గురించిన పుస్తకం మాత్రం 1704లో ఇంగ్లీషులో తెచ్చాడు. ఆ తర్వాత ఆ భాషను ప్రపంచమంతా తిప్పింది సామ్రాజ్యం, దాని వెనకే అమెరికా డబ్బు, సైన్సు. మన దగ్గరా అంతే. 1918లో మొదలైన ఉస్మానియాలో చదువు ఉర్దూలో ఉండేది. వైద్యం, ఇంజనీరింగు కూడా. పుస్తకాలు అనువదించడానికి ప్రత్యేకంగా ఒక శాఖే పెట్టారు. 1948లో నిజాం రాజ్యం పోయింది, ఆ మీడియం కూడా పోయింది. ఉర్దూ చేతకాని భాష అయి కాదు, ఉద్యోగాలు ఇచ్చే చెయ్యి మారింది.

ఇంగ్లీషు కూడా ఉన్నచోట ఉండే భాష కాదు. వాళ్లు ఒకప్పుడు ఇరవై నాలుగును 'నాలుగూ ఇరవై' వరసలో చెప్పేవాళ్లు, జర్మన్లు ఇప్పటికీ అట్లాగే అంటారు. బ్రిటన్‌లో ఒకప్పుడు బిలియన్ అంటే లక్ష కోట్లు. 1974లో అక్కడి ప్రభుత్వం అమెరికా పద్ధతికి మారి, దాన్ని వంద కోట్లు చేసింది. ఒక్క నిర్ణయంతో వెయ్యో వంతుకు పడిపోయింది! మన ఇంగ్లీషు పేపర్లు మాత్రం ఎవరేమనుకున్నా లక్షలు, కోట్లలోనే రాస్తాయి, కామాలూ మన పద్ధతిలోనే పెడతాయి. ఇటు చూస్తే మన రైతు పొద్దున లేచింది మొదలు మాట్లాడే ఎకరం ఇంగ్లీషు నుంచి వచ్చిందే, నలభై గుంటలతో కలిసి ఎంచక్కా మనదైపోయింది. భూమిలోని నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే మా జిల్లా మర్రిగూడలో ఆ ఇంగ్లీషు మాట రాని ముసలమ్మ ఉండదు. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970ల్లో తయారుచేసి మన జిల్లా పేరే పెట్టారు. ఇథియోపియా, టాంజానియాల్లో నీళ్ల ఇంజనీర్లు ఇంగ్లీషులో 'నల్గొండ టెక్నిక్' అనే అంటారు. పేరు అంత దూరం పోయింది, మన నీళ్ల గోస తీరడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. అది వేరే కథ.

ఇక మీరు చేయాల్సింది. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే ప్రయత్నం మానేయండి. మీకే రాని భాషలో మీరు ఆమెకు ఇచ్చేది పొడి మాటలే. రోజూ ఒక పద సమస్య తీసుకుని ఇంగ్లీషులో పూర్తిగా చదివించండి, పెన్ను పట్టుకోనివ్వకండి. తర్వాత పుస్తకం మూసి అదే సంగతిని మీకు తెలుగులో కథలా చెప్పమనండి: ఎవరి దగ్గర ఏముంది, ఏం జరిగింది, ఏం అడుగుతున్నారు. అది చెప్పగలిగితే లెక్క వచ్చినట్టే, మిగిలింది చేతి పని. చెప్పలేకపోతే అడ్డం భాష దగ్గరా, లెక్క దగ్గరా అన్నది మీకే తెలిసిపోతుంది. సర్కారు ఇచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. చాలా ఇళ్లలో ఆ తెలుగు పేజీని చూడనివ్వరు, ఇంగ్లీష్ మీడియం కదా అని. చూడనివ్వండి. ట్యూషన్ సారుతో మాత్రం ఆ లెఫ్ట్, ఆల్‌టుగెదర్ చిట్కాలు ఆపమని గట్టిగా చెప్పండి. సమీకరణాల అధ్యాయంతో మొదలుపెడితే మేలు. 'లెస్ దేన్' గొడవంతా అక్కడే ఉంది.