సాల్వియా నారు పడిపోతోందా? అది పురుగు కాదు

ప్రశ్న: పెరట్లో ఎర్ర సాల్వియా పూలు పెంచాలని అక్టోబరులో ట్రేలో విత్తనం వేశాను. పెరటి మట్టి, పశువుల ఎరువు కలిపి నింపి, అర అంగుళం లోతున విత్తి, పైన ఎండుగడ్డి కప్పాను. రెండు పూటలా నీళ్లు చల్లాను. సగం కూడా మొలవలేదు. మొలిచినవి రెండాకుల మీద ఉండగానే మొదలు దగ్గర నల్లబడి ఒరిగిపోతున్నాయి. మందుల షాపులో వేరుపురుగు అని చెప్పి గుళికలు, ఒక టానిక్ ఇచ్చారు. వేయమంటారా?
– ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: వేయకండి. ఇది వేరుపురుగు కాదు, నారుకుళ్ళు. పడిపోయిన మొక్కను పీకి చూడండి. పురుగైతే వేరు కొరికినట్టు ఉంటుంది. మీరు చెప్పినట్టు నేలకు ఆనుకున్న చోట కాండం నల్లబడి, మెత్తబడి, దారంలా సన్నబడితే అది తెగులే. మట్టిలో ఉండే పిథియం, రైజోక్టోనియా అనే బూజులాంటి సూక్ష్మజీవులు దీనికి కారణం. తడి ఎక్కువైతే, ఎరువు సరిగా మాగకపోతే ఒక్క రాత్రిలో ట్రే అంతా పాకుతుంది.

సగం మొలవకపోవడం మాత్రం తెగులు వల్ల కాకపోవచ్చు. సాల్వియా గింజ మొలవాలంటే వెలుతురు కావాలి. వంగ, మిరప నారుమడికి కప్పినట్టు దీనికి గడ్డి కప్పకూడదు, లోతున వేయకూడదు.

ఉన్న నారులో పడిపోయినవి చుట్టూ ఉన్న మట్టితో సహా తీసేయండి. నీళ్లు ఆపి, గాలి తగిలే చోట పెట్టండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడిసేలా ఒకసారి పోయండి. తెగులు ఆగకపోతే వారం తర్వాత మరోసారి, అంతే. మందు పోసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి.

మళ్లీ విత్తడానికి ఇంకా సమయం ఉంది. నవంబరు మొదటి పక్షంలోపు వేయండి. పెరటి మట్టి వద్దు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, ఇసుక ఒక పాలు తీసుకోండి. కిలో వర్మీకంపోస్టుకు 20 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణిచే మేలైన శిలీంధ్రం పొడి) కలిపి, తేమ ఆరకుండా వారం నీడలో ఉంచి వాడండి. ఈ ట్రేలో కాపర్ మందు పోయకండి, ట్రైకోడెర్మా చచ్చిపోతుంది. మిశ్రమాన్ని ముందే తడిపి, గింజలు పైన చల్లి వేలితో మెల్లగా అదిమితే చాలు. పైన పారదర్శక పాలిథీన్ కప్పి, వెలుతురు ఉన్న నీడలో పెట్టండి. 20–25 డిగ్రీల వేడిలో 8 నుంచి 14 రోజుల్లో మొలుస్తాయి. మొలక కనిపించిన రోజే పాలిథీన్ తీసేయాలి. పై నుంచి నీళ్లు చల్లకండి. ట్రేను నీళ్ల పళ్లెంలో 10 నిమిషాలు ఉంచి తీయండి. అదీ ఉదయం పూటే, పైమట్టి ఆరాకే.

టానిక్ సంగతి. సాల్వియా నారు ఎరువుల్లోని లవణాలు ఎక్కువైతే తట్టుకోదు. రెండాకుల మొక్కకు బలం మందు పోస్తే ఆకు అంచులు మాడతాయి. నాలుగాకులు వచ్చాక 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే నీటిలో కరిగే ఎరువు) లీటరుకు 1 గ్రాము చొప్పున ఒకసారి ఇస్తే సరిపోతుంది.

ఒక మాట గట్టిగానే చెప్పాలి. షాపులో అడిగితే అక్కడ ఉన్న సరుకే చెబుతారు. మొక్కను చూడకుండా ‘పురుగు’ అని ఇచ్చే గుళికలు పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే పెరట్లో విషం. ఇరవై మొక్కల కోసం అంత విషం ఇంట్లోకి ఎందుకమ్మా? తెగులు ఏదో తెలియకపోతే రెండు మొక్కలు వేళ్లతో సహా తీసుకుని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి.

నాలుగు జతల ఆకులు రాగానే 25–30 సెం.మీ. ఎడంలో నాటి, కొన తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి. వాడిన పూకంకులు కోస్తుంటే మార్చి వరకు పూస్తుంది. ఏప్రిల్ ఎండకు ఎర్ర సాల్వియా నిలవదు, నీలం సాల్వియా ఎండను దానికంటే బాగా తట్టుకుంటుంది. హైబ్రిడ్ ప్యాకెట్టు అయితే దాని గింజలు దాచుకోకండి, రంగు మారిపోవచ్చు.