మూడు నెలల సేల్ చూసి రెండేండ్ల కిస్తీకి సంతకమా?

నల్లగొండ నుంచి ఒక చెల్లె రాసింది. వయసు 36. బొంతల డిజైన్లు గీస్తది. మన అమ్మమ్మలు పాత చీరలు పొరలు పరిచి కుట్టిన బొంత ఉంటది కదా, దాన్నే లెక్క ప్రకారం ముక్కలు చేసి, ఏ ముక్క ఎన్ని అంగుళాలు, ఏది దేని పక్కన కుట్టాలె అని పీడీఎఫ్ చేసి ఆన్‌లైన్‌ల అమ్ముతది, కొనేటోళ్ళు ఎక్కువ అమెరికా, కెనడాల బొంతలు కుట్టుకునే ఆడోళ్ళు. దాంతోపాటు పోచంపల్లి, పుట్టపాక దిక్కు నుంచి ఇక్కత్ కట్‌పీసులు తెచ్చి కిట్లు కట్టి పంపుతది, అప్పుడప్పుడు కుట్టిన బొంతలు కూడా అమ్ముతది. దసరా నుంచి క్రిస్మస్ దాకా సేల్ పెడుతున్నదట, ఈసారి కొత్త డిజైన్ బతుకమ్మ, నడుమ గుమ్మడి పువ్వు, చుట్టూ తొమ్మిది వరుసలు, తంగేడు పసుపుతో మొదలై గునుగు తెలుపుతో అంచు. ఫొటో పంపింది, చాలా బాగున్నది, దాని గురించి నాకు ఏ అనుమానం లేదు.

అనుమానమంతా ఉత్తరం రెండో సగం మీదనే. 4.5 లక్షల కుట్టు మెషిన్ ఒకటి తెప్పించుకుంటదట, పెద్ద బొంతను ఫ్రేముకు బిగించి కుట్టేది. దానికి 2 లక్షలు లోన్ యాప్‌ల, లక్షన్నర తెలిసిన ఫైనాన్స్ ఆయన దగ్గర రెండు రూపాయల మిత్తికి, మిగతా లక్ష బంగారం కుదువ పెట్టి. "పోయినేడు సేల్ మూడు నెలలకు 2.6 లక్షలు వచ్చినయ్ సార్, అంటే నెలకు 87 వేలు, కిస్తీ ఈజీగా కట్టొచ్చు కదా, ఇంకో మాట, మిగిలిన దాంట్ల ఎస్ఐపీ ఎంత పెట్టమంటరు" అని అడిగింది. ఎస్ఐపీ అంటే నెల నెలా ఇంత అని మ్యూచువల్ ఫండ్ల వేసుడు.

ఈ ఉత్తరానికి ఎందుకు జవాబు రాస్తున్న అంటే, ఇదే లెక్క నాకు నెల నెలా ఎవరో ఒకరు చెప్తనే ఉంటరు. పెండ్లిళ్ళ ఫొటోగ్రాఫర్ మాఘమాసం చూపించి చెప్తడు, టెంట్ హౌస్ ఆయన ఎండాకాలం చూపించి చెప్తడు, బ్లౌజులు కుట్టే అక్క శ్రావణం చూపించి చెప్తది. ఏడాదిల అన్నిటికంటె మంచి నెలను తీసి చూపించి "నా ఆదాయం ఇంత" అంటరు. అది మీ ఆదాయం కాదు చెల్లెమ్మా, అది మీ సీజన్. మీ జిల్లా బత్తాయి రైతును అడగండి, కాయ దిగిన నెల చూసి ఎవడన్న ఏడాదంత కట్టే కిస్తీ ఒప్పుకుంటడా?

లెక్క మీరు పంపిన అంకెలతోనే వేద్దాం. సేల్ మూడు నెలలు 2,60,000. మిగతా తొమ్మిది నెలలు సగటున 9 వేలు, అంటే 81,000. మొత్తం 3,41,000. ఇందుల బట్ట, దూది, కొరియర్ 70 వేలు, సైట్ ఫీజులు, పేమెంట్ కటింగులు 20 వేలు పోతే చేతికి వచ్చేది 2,51,000. మీ ఆయన జీతం 24 వేలు, ఏడాదికి 2,88,000. రెండూ కలిపితే 5,39,000. ఇంటి ఖర్చు 38 వేలు, చిట్టి 5 వేలు, నెలకు 43 వేలు అంటే ఏడాదికి 5,16,000. మిగిలేది 23 వేలు. నెలకు కాదు, ఏడాదికి!

ఇప్పుడు మీరు ఎత్తుకుంటానంటున్న అప్పు చూడండి. యాప్‌ల 28 శాతం వడ్డీకి రెండేండ్లు అన్నరు కదా, 2 లక్షలకు నెల కిస్తీ దగ్గర దగ్గర 11 వేలు అయితది. ఫైనాన్స్ ఆయనకు లక్షన్నరకు రెండు రూపాయల మిత్తి, నెలకు 3 వేలు, అసలు అట్లనే ఉంటది. బంగారం మీద లక్షకు ఇంకో 800, 900. మొత్తం నెలకు 15 వేలకు కొంచెం తక్కువ, ఏడాదికి అటు ఇటు లక్షా 78 వేలు. మిగిలేది 23 వేలు. మిగతా లక్షన్నర ఎక్కడి నుంచి వస్తది? ఇంకో యాప్ నుంచి వస్తది, నేను చూసిన ప్రతి కేసుల అట్లనే వచ్చింది, తర్వాత దాన్ని కట్టనీకి మూడోది. మన రాష్ట్రంల 2020 చివర్ల లోన్ యాప్‌ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నరు, పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేసిండ్రు, అయినా మళ్ళ అదే యాప్ అంటే నాకు కోపం రాకుండా ఎట్లుంటది. మీరు చెప్పిన యాప్ వెనుక ఏ బ్యాంకు ఉన్నది, ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాకుండ అప్పులిచ్చే రిజిస్టర్ అయిన కంపెనీ) ఉన్నది అనేది మీ ఉత్తరంల లేదు, మీకు తెలుసా? ఫోన్ల కాంటాక్టులు, ఫొటోలు చూడనియ్యమని అడిగిందా? అడిగితే ఆ యాప్‌ను ఇప్పుడే డిలీట్ కొట్టండి, రిజర్వ్ బ్యాంకు దానికి ఒప్పుకోదు.

ఇంకో సంగతి మీరు గమనించలేదు అనుకుంట. 3,41,000ల పీడీఎఫ్‌ల మీద వచ్చింది 2,20,000 అని మీరే రాసిండ్రు. కిట్లు, కుట్టిన బొంతల మీద వచ్చింది 1,21,000, బట్ట దూది కొరియర్ 70 వేలు పోతే మీ కష్టానికి మిగిలింది 51 వేలు, అది కూడా రాత్రుళ్ళు మెడలు పడిపోయేదాక కుడితే. పీడీఎఫ్‌కు దూది వద్దు, కొరియర్ వద్దు, మీరు పండుకున్నప్పుడు కూడా అమ్ముడుపోతది. మరి 4.5 లక్షల మెషిన్ ఏ వైపు పనికొస్తది? ఆ 51 వేల వైపు. పోయినేడు అమ్మింది 11 బొంతలే. పదకొండు బొంతల కోసం అంత మెషినా తల్లీ!

ఇగ అసలు మాటకు వస్త. మీ ఉత్తరంల ఇంటి ముచ్చట్లు చానా ఉన్నయ్, కొత్త కిరాయి ఇంట్ల కుట్టు మెషిన్‌కు కిటికీ పక్కన జాగ దొరికిందని, చిన్నపాప ఎల్‌కేజీల చేరిందని, పిల్లి వచ్చి దూది చుట్ట మీదనే పంటదని. ఆ ముచ్చట్ల నడుమ ఒక్క లైన్ ఉన్నది, "శ్రావణంల అత్తమ్మ బాత్రూంల జారి చెయ్యి విరిగింది, ఆపరేషన్‌కు 85 వేలు అయినయ్, పక్కింటామె దగ్గర మూడు రూపాయల మిత్తికి తెచ్చినం, సేల్ పైసలు రాంగనే కట్టేస్తం" అని. రాసి, ఆ తర్వాత లైన్లనే బతుకమ్మ డిజైన్‌కు పోయిండ్రు. నేను మాత్రం ఆ లైన్ దగ్గరనే ఆగిపోయిన. పైన వేసిన లెక్కల ఈ 85 వేలు లేనే లేదు! నెలకు 2,550 మిత్తి అప్పుడే నడుస్తున్నది. సేల్ ఇంకా మొదలుకానే లేదు, దాని పైసలకు అత్తమ్మ చెయ్యి ఒకటి, మెషిన్ ఒకటి, కిస్తీలు ఒకటి, అందరూ లైన్ల నిలబడ్డరు.

దీనికి మూలం ఏందంటే ఇంట్ల ఆపతి పైసలు లేవు. 85 వేలు అనేది మీ ఇంటి ఖర్చుకు రెండు నెలలకు కొంచెం ఎక్కువ, అంతే. ఆ రెండు నెలల పైసలు పక్కకు ఉంటే ఆరోజు రాత్రి దావఖాన కౌంటర్ దగ్గర నిలబడి ఎవలకు ఫోన్ చెయ్యాల్నా అని చూసుకునే పని ఉండకపోవు. నెల జీతం వచ్చేటోళ్ళకు ఆరు నెలల ఖర్చు పెట్టుకోండి అని చెప్త, మీ లాంటి సీజన్ ఆదాయం ఉన్నోళ్ళకు తొమ్మిది నెలలదన్న ఉండాలె, ఎందుకంటే మీకు తొమ్మిది నెలలు ఎట్లనూ తక్కువనే పడ్తున్నది. కానీ ఇప్పుడు తొమ్మిది నెలలు అంటే మీరు భయపడ్తరు కాబట్టి మొదటి టార్గెట్ మూడు నెలలు, 38 వేల లెక్కన 1,14,000.

ఎట్ల చెయ్యాల్నో చెప్త. ముందు, బంగారం కుదువ పెట్టుడు అన్నరు కదా, ఒక్క పనికి మాత్రం పెట్టండి, పక్కింటామె బాకీ తీర్చనీకి. బ్యాంకుల పెట్టండి, వీధి చివర షాపుల కాదు. 85 వేలకు ఏడాదికి పది శాతం అటు ఇటు పడ్డా నెలకు 700 చిల్లర, ఇప్పుడు కట్టే 2,550 ఎక్కడ, అది ఎక్కడ. బంగారానికి ఇంకా ఎక్కువ వస్తది తీసుకోండి మేడమ్ అంటరు, 85 వేలకు మించి ఒక్క రూపాయి తీసుకోకండి. పక్కింటామెకు ఇచ్చి నోటు చింపించుకోండి, ఇది దసరా లోపలనే అయిపోవాలె.

రెండోది, సేల్ పైసలు పడే ఖాతా, ఇంటి ఖాతా వేరు చెయ్యండి. వేరే బ్యాంకుల ఖాతా తెరిచి దానికి ఫోన్‌పే గీన్‌పే ఏదీ లింక్ చెయ్యకండి. సేల్ నుంచి 90 వేలు అందుల వేసి, జనవరి నుంచి ప్రతి నెల ఒకటో తారీఖు 10 వేలు ఇంటి ఖాతాకు పంపుకోండి. తొమ్మిది నెలలు మీ ఇంటికి తక్కువ పడేది సరిగ్గా నెలకు ఆ 10 వేలే, ఇప్పటిదాక అది సీజన్ పైసలల్ల నుంచి తెలియకుండ పోతున్నది, అందుకే మీకు 2.6 లక్షలు వచ్చినట్టు కనపడ్తది, మార్చి వచ్చేసరికి ఏమైనయో సమజ్ కాదు. ఈ 90 వేలను ఆపతి పైసలు అనుకోకండి, అది మీ బియ్యం, పప్పు.

మూడోది, చిట్టి. మార్చిల అయిపోతది అన్నరు, అప్పటిదాక ఎత్తకండి, మెషిన్ అని కాదు, ఏదైనా సరే. లక్ష చేతికి రాంగనే బంగారం విడిపించుకోండి. మిగిలిన పది పన్నెండు వేలే మీ ఆపతి ఖాతాకు బోణీ. ఏప్రిల్ నుంచి చిట్టికి కట్టే 5 వేలు ఆగిపోతది కదా, కొత్త చిట్టి వెయ్యకుండ ఆ 5 వేలు అండ్లనే వెయ్యండి. 1,14,000 కానీకి దగ్గర దగ్గర రెండేండ్లు పడతది. పడనియ్యండి. మధ్యల చీర కొందామని, ఫోన్ మారుద్దామని తియ్యకండి, పెండ్లి కట్నాలు ఆపతి కిందికి రావు, ఈ మాట ప్రతి ఇంట్ల ఒకసారి గట్టిగ చెప్పాల్సి వస్తది.

హెల్త్ పాలసీకి ఆ మిగిలిన 23 వేలు వాడండి, ఈ సీజన్లనే. మీ ఇద్దరికి, పిల్లలకు కలిపి ఒకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇంటోళ్ళ పేరు మీద తీసుకునే హెల్త్ పాలసీలకు 18 శాతం జీఎస్టీ తీసేసిండ్రు, పోయినేడు ప్రీమియం ఎక్కువ అని వదిలేస్తే మళ్ళ అడగండి. అత్తమ్మకు షుగర్, బీపీ ఉన్నయ్ అన్నరు, ఆమెను మీ పాలసీల కలపకండి, ప్రీమియం మొత్తం ఆమె వయసు లెక్కన పెరుగుతది. ఆమెకు విడిగ అడిగి చూడండి, షుగర్ దాచిపెట్టి మాత్రం తీసుకోకండి, ఏజెంట్ "రాయకుంటే ఏం కాదు అక్కా" అంటడు, క్లెయిమ్ నాడు ఆ ఏజెంట్ ఫోన్ ఎత్తడు. ఉన్న రోగాలకు మూడేండ్ల దాకా ఆగాల్సి రావొచ్చు, అందుకే ఎంత జల్ది మొదలుపెడితే అంత మంచిది. తెల్ల రేషన్ కార్డు ఉన్నదా లేదా మీరు రాయలేదు. ఉంటే ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి 10 లక్షల దాకా వస్తది, కాకపోతే అన్ని దావఖానలల్ల నడవది, అన్ని ఆపరేషన్లకు రాదు, నల్లగొండల ఏ దావఖాన లిస్టుల ఉన్నదో ఇప్పుడే రాసి ఫ్రిజ్ మీద అతికించండి. చెయ్యి విరిగిన రాత్రి వెతుక్కునుడు కాదు.

మీ ఆయనకు టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటోళ్ళకు పైసలు వచ్చే బీమా) లేదు, అది ఏప్రిల్‌ల చూద్దాం, అప్పటిదాక బ్యాంకుల ఏడాదికి 436 కట్టే జీవన్ జ్యోతి బీమా, 20 కట్టే సురక్ష ప్రమాద బీమా రెండూ ఇద్దరి పేరు మీద చేయించండి. ఎస్ఐపీ ఇప్పుడు వద్దు. మెషిన్ మీది నుంచి మనసు పోకపోతే రెండేండ్ల తర్వాత ముద్ర అనే సర్కారు లోన్ స్కీముల కిశోర్ రకం కింద బ్యాంకును అడగొచ్చు, 5 లక్షల దాకా పూచీ లేకుండ ఇస్తరు, లేదంటే మీ మహిళా సంఘంల అడగండి. దానికి కావాల్సింది మాత్రం ఇప్పటి నుంచే తయారు చేసుకోవాలె, డాలర్లల వచ్చినా అది ఆదాయమే, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వెయ్యండి. ట్యాక్స్ పడకపోయినా రేపు బ్యాంకు మేనేజర్ మొదట అడిగేది అదే కాగితం.

డిస్కౌంట్ 40 శాతం పెట్టాల్నా అని అడిగిండ్రు. నా లైన్ కాదు గానీ లెక్క చెప్త. 100కు అమ్మేది 60కి అమ్మితే, మూడు అమ్మిన చోట ఐదు అమ్మితేనే పాత పైసలు వస్తయ్. 25 శాతం అయితే మూడింటికి నాలుగు చాలు. పైగా ప్రతి పేమెంట్ మీద శాతం కాకుండ కొంత ఫిక్స్‌డ్ కటింగ్ కూడా ఉంటది, రేటు తగ్గేకొద్దీ అది గట్టిగ తగుల్తది, కాబట్టి ఒక్కొక్కటి తగ్గించే బదులు మూడు ప్యాటర్న్‌లు కలిపి ఒక్క రేటు పెట్టండి. క్రిస్మస్‌కు బొంత కుట్టియ్యాలనుకునేటోళ్ళు డిసెంబర్ల ప్యాటర్న్ కొంటే కుట్టేదెప్పుడు, ఆ డిజైన్లు ముందే పెట్టండి. బతుకమ్మది కొత్తది కదా, దాన్ని సేల్‌ల కలపకండి, పూర్తి రేటుకే అమ్మండి. కిట్లు మాత్రం ఈసారి పైసలు ముందు పడ్డ ఆర్డర్లకే బట్ట కోయండి.