ఆపరేషన్ తర్వాత కార్నియా వాపు అంటే నీరు పట్టడమేనా?

శుక్లం ఆపరేషన్ తర్వాత మీ నాన్నగారి కార్నియా (కనుగుడ్డు ముందుండే పారదర్శక పొర) వాచిందని, అది కేవలం నీరు పట్టడమేనా లేక లోపలి కణజాలం కూడా దెబ్బతింటుందా అని అడిగారు. రెండూ జరుగుతాయి. అయితే ఆ వాపు తీస్తుందా, నిలిచిపోతుందా అన్నది ఆపరేషన్ నాటికి ఆ కంటిలో కార్నియా నీటిని తోడేసే ఎండోథీలియల్ కణాలు ఎన్ని మిగిలి ఉన్నాయన్న దాని మీదే ముఖ్యంగా ఆధారపడుతుందని మా అమ్మ కంటి విషయంలో చూసిన తర్వాత నేను గట్టిగా నమ్ముతున్నాను.

కట్టు విప్పిన మరునాడు పొద్దున్నే అమ్మ మంచం మీద కూర్చుని ఎదుటి గోడ గడియారం వైపు చూసి, అద్దం మీద ఆవిరి పట్టినట్టుందని, ముళ్లు కనబడటం లేదని చెప్పింది. పదకొండు దాటాక అదే చోటి నుంచి చిన్న ముల్లు ఎక్కడుందో చెప్పగలిగింది. మర్నాడూ అంతే: పొద్దున మసక, మధ్యాహ్నానికి కాస్త తెరిపి. లెన్స్ సరిగా కూర్చోలేదేమోనని ఆమె లోలోపల కుమిలిపోయింది. నిజానికి, రాత్రంతా రెప్పలు మూసి ఉండటం వల్ల కార్నియా పైనుంచి ఆవిరి కావలసిన నీరు అక్కడే నిలిచిపోతుంది కాబట్టి, ఈ వాపు ఉన్నవారికి తెల్లవారుజామునే చూపు బాగా మందగిస్తుంది. ఆ సంగతి ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆమెకు అంత దిగులు ఉండేది కాదు.

కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. దాని లోపలి వైపు ఒకే వరుసగా పరుచుకున్న ఎండోథీలియల్ కణాలు నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తూ ఉంటేనే అది పారదర్శకంగా ఉంటుంది. పెద్దవారిలో ఇవి చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 ఉంటాయి. చనిపోయిన కణాల స్థానంలో కొత్తవి పుట్టవు, పక్కనున్నవే సాగి ఆ ఖాళీని కప్పుతాయి. శుక్లం గట్టిగా ముదిరితే దాన్ని పగలగొట్టడానికి అల్ట్రాసౌండ్ శక్తి ఎక్కువ వాడవలసి వస్తుంది, ఆ వేడి, ద్రవపు సుడులు, ఎగిరే ముక్కలు ఈ కణాలనే తాకుతాయి.

దీనికి తోడు ఇన్‌ఫ్లమేషన్, అంటే దెబ్బకు శరీరం స్పందించి ఎరుపు, వాపు తెచ్చే స్థితి, వస్తుంది. కోతకు స్పందనగా ప్రోస్టాగ్లాండిన్లు, సైటోకైన్లు అనే రసాయనాలు విడుదలై, కంటిలోని రక్తనాళాల నుంచి ప్రోటీన్లు, తెల్లకణాలు కార్నియా వెనక ఉండే ముందుగదిలోకి కారుతాయి. మెటాలోప్రొటీనేజులనే ఎంజైములు కార్నియాకు బలాన్నిచ్చే కొల్లాజెన్‌ అనే ప్రోటీన్‌ను, కణాలను పట్టి ఉంచే పొరలను కోస్తాయి. వాటికి కళ్లెం వేసే నిరోధకాలు కూడా శరీరంలో ఉన్నాయి, ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువకాలం సాగితే ఆ తూకం చెడుతుంది. వాపు నెలల తరబడి నిలిస్తే పై పొర బుడగలుగా లేచి, అవి పగిలినప్పుడు భరించలేని నొప్పి పుడుతుంది.

అందుకే కన్ను ఎరుపు తగ్గిందని స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా మానేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. వాటిని డాక్టరు చెప్పిన క్రమంలోనే తగ్గించుకుంటూ రావాలి. అవి కంటి ఒత్తిడిని పెంచవచ్చు, పెరిగిన ఒత్తిడి మళ్లీ వాపును పెంచుతుంది, కాబట్టి చెప్పిన రోజున ఒత్తిడి చూపించుకోవడమూ తప్పనిసరి. స్టెరాయిడ్ కాని నొప్పి చుక్కలు కూడా అరుదుగా, పైపొర బలహీనంగా ఉన్న కళ్లలో, కార్నియా కరిగిపోవడానికి దారి తీస్తాయి. నొప్పి పెరుగుతూ చూపు పడిపోతుంటే మాత్రం అది వాపేలే అనుకోకుండా అదే రోజు చూపించాలి, లోపల ఇన్‌ఫెక్షన్ కావచ్చు.

అమ్మకు స్టెరాయిడ్‌తో పాటు 5 శాతం ఉప్పు చుక్కలు కూడా ఇచ్చారు, ఆరో వారానికి పొద్దున ఏడింటికే ఆమె నిమిషాల ముల్లు చదివింది. ఆ తర్వాతే స్పెక్యులర్ మైక్రోస్కోపీ చేసి, ఆమెకు ఫుక్స్ డిస్ట్రోఫీ (ఎండోథీలియల్ కణాలు క్రమంగా తగ్గిపోయే జబ్బు) మొదటి నుంచీ ఉందని చెప్పారు. కణాలను లెక్కించే ఈ పరీక్షకు కొద్ది నిమిషాలే పడుతుంది, కంటికి సూది కూడా తగలదు. శుక్లం ఆపరేషన్‌కు ముందు దీన్ని ప్రతి ఒక్కరికీ చేయాలన్నదే నా వాదన. రెండో కంటికి మేము ముందే అడిగి చేయించుకున్నాం. సర్జన్ ఆ లెక్క చూసి, కణాలను కాపాడే జిగురు ద్రవం ఎక్కువ వాడతానని, అప్పటికీ వాపు తీయకపోతే ఎండోథీలియం పొర మార్పిడి అవసరం కావచ్చని సంతకానికి ముందే అమ్మకు వివరించారు.