చెవి మిషన్‌తో ఒపెరా వినడం

ప్రశ్న: మా నాన్నగారికి పద్యనాటకాలంటే ప్రాణం. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటారు. న్యూజెర్సీలో మా దగ్గరికి వచ్చారు. ఒపెరా కూడా పాటలతో నడిచే నాటకమే కదా, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాకు తీసుకెళ్తే ఆయనకు ఏమైనా వినబడుతుందా?

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే ముందు ఆడియాలజిస్టును (వినికిడి నిపుణుడిని) కలవండి. చెవి మిషన్లను మామూలుగా మాట కోసం సెట్ చేస్తారు, పాట కోసం కాదు. గాయని పై స్థాయిలో ఒక స్వరం పట్టి నిలిపితే, మిషన్ అది తనలోంచి వచ్చే ఈల అనుకుని అణచబోతుంది. స్వరం వణికినట్టు, జీరపోయినట్టు వినిపిస్తుంది. పద్యం చివర రాగం తీసినప్పుడు నాన్నగారికి ఇలాగే అవుతోందేమో అడగండి. ఈల అణిచే, చప్పుడు తగ్గించే సెట్టింగులు రెండింటినీ బాగా తగ్గించి, సంగీతానికి విడిగా ఒక ప్రోగ్రాం పెట్టించండి. మిషన్‌లో టెలికాయిల్ (ధ్వనిని అయస్కాంత సంకేతంగా అందుకునే చిన్న తీగచుట్ట) ఉందేమో కూడా అప్పుడే కనుక్కోండి. ఉన్నా ఆన్ చేయించుకోనివాళ్లు ఎందరో.

మెట్‌లో (మెట్రోపాలిటన్ ఒపెరాలో) దాదాపు 3,800 సీట్లు. గాయకులు మైకు లేకుండా పాడతారు. అంత దూరం నుంచి వచ్చే గొంతును మిషన్ ఒక్కటే పట్టుకోలేదు, అందుకే హాల్లో ఇచ్చే లిజనింగ్ పరికరం అడిగి తీసుకోండి. టెలికాయిల్ ఉంటే మెడలో వేసుకునే లూప్ (ధ్వనిని టెలికాయిల్‌కు పంపే తీగ) అడగాలి; మిషన్‌ను ‘టి’లో, అంటే టెలికాయిల్ సెట్టింగులో, పెడితే పాట నేరుగా చెవిలోకి వస్తుంది. లేకపోతే హెడ్‌ఫోనే. అది మిషన్‌ను నొక్కితే ‘కుయ్’మంటుంది, కాస్త వదులుగా పెట్టుకోమనండి. తెర లేవకముందే ఒకసారి సరిచూసుకోండి.

1995 నుంచి అక్కడ ముందు సీటు వెనక చిన్న తెర మీద పాట అర్థం ఇంగ్లిష్‌లో వస్తోంది. అది పేపర్ పట్టుకునేంత దగ్గరలో ఉండదు కాబట్టి చదువుకునే కళ్లద్దాలతో మసకగా కనిపించవచ్చు. కథను అంకాలవారీగా ముందురోజే తెలుగులో చెప్పేస్తే ఆయన చూపు వేదిక మీదే ఉంటుంది.

ప్రశ్న: లండన్‌లో ఉంటాం. మా అమ్మాయికి చూపు లేదు. రాయల్ ఒపెరా హౌస్‌కు తీసుకెళ్లవచ్చా?

జవాబు: ఆడియో వర్ణన (వేదిక మీద జరిగేది చెవిలో మాటలతో చెప్పడం) ఉన్న తేదీలు అక్కడ విడిగా ప్రకటిస్తారు. టికెట్ ఆ తేదీకే కొనండి. మిగతా రోజుల్లో వెళ్తే వర్ణన ఉండదు. పాట మీద మాట పడకూడదు గనుక వర్ణన పొదుపుగా, వీలైనంతవరకు గొంతు ఆగిన చోట వస్తుంది. ఆ లోటు తీర్చేది ప్రదర్శనకు ముందు జరిగే టచ్ టూర్. మెట్లు ఎన్ని, గౌను ఎంత బరువు, కత్తి చెక్కదా ఇనుపదా, అన్నీ చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. దీనికి పేరు విడిగా నమోదు చేయించాలి, చాలా ముందుగా చేరుకోవాలి.